తొమ్మిదో గుంత దగ్గర మర్యాద

మా అత్తగారి మజ్జిగ గ్లాసు సోఫా కింద పడుకోబెట్టి ఉండడంపై మంగళవారం ఉదయం మా ఇంట్లో తలెత్తిన వివాదం, ఇరుపక్షాలూ సంయమనం పాటించకపోవడం వల్ల, ఇడ్లీలు చల్లారేదాకా సాగింది.

“ఏందిరా ఇది? నా గ్లాసు కుక్కపిల్ల మాదిరి సోఫా కింద పండుకోనుండాది?” అని మా అత్తగారు వెంకటశేషమ్మ గారు అడిగారు.

“అది గ్లాసు కాదమ్మా, గుంత,” అన్నారు మా వారు సుకుమార్. ఆయన లుంగీ పైకి ఎగగట్టి, పొడుగాటి గోల్ఫ్ కర్ర ఒకటి రెండు చేతులా పట్టుకుని, హాలు మధ్యలో నడుం వంచి నిలబడి ఉన్నారు. కాళ్ల ముందు తెల్ల బంతి ఉంది.

“నేను మజ్జిగ తాగే గ్లాసు నీకు గుంతెప్పుడయిందిరా? ఇంట్లో ఇన్ని గ్లాసులుంటే నాదే కావాల్సొచ్చిందా?”

“దాని మూతే సరిగ్గా సరిపోయిందమ్మా.”

“ఏం సరిపొయ్యేది? ఇందాకట్నుంచి చూస్తానే ఉండా, ఒక్క బంతన్నా దాంట్లో పడిందా? అన్నీ జానెడు ఇవతలే ఆగిపోతుండాయి. చాతగానోడివి నా గ్లాసెందుకు తీసినావు?”

“పడకూడదమ్మా! జానెడు ఇవతల ఆగాలనే గదా ఈ ప్రాక్టీసంతా!”

మా అత్తగారు నా వైపు చూశారు. కొడుక్కి జ్వరం వచ్చిందేమో చూడమని ఆ చూపుకు అర్థం. నేను చట్నీ వైపు చూశాను. చివరికి మధ్యవర్తిత్వం వహించినది నెల్లూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి వినీల.

“నాయనమ్మా, కోపం చేసుకోకుండా విను. బంతి గుంతలో పడిందంటే నాన్నని బొగ్గు గనులకి బదిలీ చేస్తారు. మనమంతా మూటాముల్లె సర్దుకోవాల. పడకుండా ఆగిందంటే నాన్న జనరల్ మేనేజరు. మనం ఈడనే ఉంటాం.”

మా అత్తగారు కాసేపు ఆలోచించారు. కోవూరులో నాట్లు పడిన తన పొలమూ, గనులున్న దూరమూ ఆమె మనసులో మెదిలి ఉండాలి. “అట్టయితే ఉంచుకో. కానీ వాడినాక కడిగి ఇయ్యి,” అన్నారు. వివాదం సామరస్యంగా ముగిసింది.

పాఠకులలో గోల్ఫ్ తెలియనివారు కొందరూ, మా కంపెనీ తెలియనివారు ఇంకొందరూ ఉండవచ్చు కనుక, జరిగినది మొదటి నుంచి చెప్పడం నా బాధ్యత.

మా వారు పనిచేసేది ముత్తుకూరు వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక విద్యుత్ కర్మాగారంలో. పేరు చెప్పను. పేరు మెయిన్ గేటు మీద ఎలాగూ చాలా పెద్దగా ఉంది. మా ప్రాంతంలో నేల చాపలా పరచుకుని ఉంటుంది. ఇంటి మేడ ఎక్కితే సముద్రం దాకా చూపుకు అడ్డం ఉండదు. కొండ చూడాలంటే పడమటికి చాలా దూరం పోవాలి. శతాబ్దాలుగా ఇక్కడివాళ్లు ఈ లోటును గుర్తించకుండానే పంటలు పండించుకుని, చేపలు పట్టుకుని బతికేశారు. ఆ లోటును గుర్తించిన మొదటి వ్యక్తి మా ఎం.డి. గారు.

ఆయన ఒక వేసవిలో ఊటీ వెళ్లి కొండల మీద గోల్ఫ్ ఆడి వచ్చారు. వచ్చీరాగానే కర్మాగారం వెనకకు వెళ్లి, బొగ్గు కాలగా మిగిలిన బూడిద గుట్టలను చూశారు. అప్పటిదాకా ఆ బూడిదను ఏం చేయాలో తెలియక అధికారులు తలలు పట్టుకుని ఉన్నారు. ఎం.డి. గారు అది బూడిద కాదనీ, కొండ కాబోయే పదార్థమనీ కనిపెట్టారు. నెలలు తిరక్కుండా గుట్టలను మూడు కొండలుగా దిద్ది, పైన ఎర్రమట్టి పోసి, పచ్చగడ్డి పరిచి, జెండాలు నాటారు. తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం సిద్ధమైంది. అందులో ఆరు గుంతలు మామూలు చదును నేల మీద ఉంటాయి. నాలుగోది, ఏడోది, తొమ్మిదోది మాత్రం కొండల మీద ఉంటాయి. ఆ కొండలకు సంకల్పగిరి, సమర్పణగిరి, శిఖరగిరి అని పేర్లు పెట్టారు.

ప్రారంభోత్సవ సభలో ఎం.డి. గారి ప్రసంగం అందరినీ ఆలోచింపజేసింది.

“నాయకత్వం చదును నేల మీద పుట్టదు,” అన్నారాయన. “అది ఎత్తుపల్లాల్లో పుడుతుంది. ఎత్తుపల్లాలు లేని చోట వాటిని సృష్టించడమే యాజమాన్యం కర్తవ్యం. ఈ రోజు నుంచి మన అధికారుల సామర్థ్యాన్ని ఈ మూడు కొండలే నిర్ణయిస్తాయి.”

బాయిలర్ల సామర్థ్యం గురించి ఏదో చెబుదామని కాగితాలతో వచ్చిన ఇంజనీరు ఒకాయన ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

కొండలు వచ్చాక మా టౌన్‌షిప్ జీవితం ఎంతో మెరుగుపడింది. గడ్డికి ఉప్పునీళ్లు పడవు కాబట్టి తాగునీటి ట్యాంకర్లలో సగం అటు మళ్లించారు. ఎండాకాలంలో మేము స్నానాలు తగ్గించుకున్నా, కిటికీ తెరిస్తే కళ్లకు చల్లగా ఉండేది. సముద్రం గాలి గట్టిగా వీచిన రోజున సంకల్పగిరి కొంచెం కొంచెంగా లేచి వచ్చి, నేను ఆరేసిన దుప్పట్ల మీద వాలేది. ఫిర్యాదు చేస్తే, కొండ ఇంకా స్థిరపడే దశలో ఉందనీ, గృహిణులు సహకరించాలనీ సమాధానం వచ్చింది. సహకరించాం. తెల్ల దుప్పట్లు కొనడం మానేశాం.

సమర్పణగిరికి అవతలి వాలు నేరుగా ఒక రైతు రొయ్యల చెరువులోకి దిగుతుంది. మన అధికారుల బంతులు కూడా అంతే నేరుగా దిగేవి. పట్టుబడి నాడు వలలో రొయ్యలతో పాటు బంతులు కూడా రావడం చూసి, రొయ్యలు కొనడానికి వచ్చిన ఏజెంటు వాటిని తూకంలోంచి తీసేయాలని పట్టుబట్టాడు. రైతు మా గేటు దగ్గరికి వచ్చి గొడవ చేశాడు. కంపెనీ వెంటనే స్పందించి, ఆ రైతును ‘క్రీడా భాగస్వామి’గా ప్రకటించి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపింది. ఒకసారి ఎం.డి. గారు కొట్టిన బంతి గాలికి పక్కకు పోయి, శిఖరగిరి మీద మేస్తున్న గేదె డొక్కకు తగిలి, వెనక్కి ఎగిరి జెండా దగ్గర పడింది. అప్పటిదాకా గేదెలను తోలడానికి ఉన్న ఇద్దరు గార్డులను ఆ మర్నాటి నుంచి వాటికి కాపలా పెట్టారు.

ఇక అసలు ఆట సంగతి. ఈ ఆటలో తక్కువ దెబ్బలతో బంతిని గుంతలో వేసినవాడే గెలుస్తాడు. అయితే బంతి గుంతకు మరీ దగ్గరగా ఆగితే, ఎదుటి ఆటగాడు “ఇక కొట్టనక్కర్లేదు, తీసుకోండి” అనవచ్చు. అప్పుడు అది పడినట్టే లెక్క. ప్రపంచమంతటా దీన్ని ఆటలో మర్యాద అంటారట. మర్యాద విషయంలో మనవాళ్లు ఎవరికన్నా తీసిపోతారా? ఎం.డి. గారి బంతి జానెడు దూరంలో ఉంటే తీసుకోమన్నారు. తర్వాత మూరెడు దూరానికి తీసుకోమన్నారు. అటుపైన బారెడు దూరానికి. అకౌంట్స్ అధికారి ఒకరు, ఎం.డి. గారు ఇంకా కొండ కిందే ఉండగా పైనుంచి కేకేసి తీసుకోమన్నారు. ఆ ఏడాది ఆయనకు మంచి ఇంక్రిమెంటు వచ్చింది. ఇది కాకతాళీయమని అందరూ అంటారు, నేనూ అంటాను.

ఇంతలో పాత జనరల్ మేనేజరు రిటైరయ్యారు. ఆ పదవికి మిగిలినవారు ఇద్దరే. ఒకరు మా వారు, మరొకరు మాల్యాద్రి గారు. ఒకరికి పదవి, రెండోవారికి కంపెనీ కొత్తగా తీసుకున్న బొగ్గు గనులకు బదిలీ అని ఉత్తర్వు ముందే తయారైంది. పేర్ల చోటు మాత్రం ఖాళీగా ఉంచారు. ఇద్దరిలో ఎవరు తగినవారో తేల్చడానికి, ఎం.డి. గారు ఇద్దరితోనూ విడివిడిగా ఆ మూడు కొండ గుంతల దగ్గర ఆడతారని సర్క్యులర్ వచ్చింది. ‘గెలుపోటములు ముఖ్యం కాదు, ఆడే తీరే ముఖ్యం’ అని అందులో రాశారు. దాని అర్థం తెలియని అధికారి మా కంపెనీలో లేడు.

ఎం.డి. గారి మీద ఓడిపోవడం తేలిక అనుకునేవారు ఆయన ఆట చూసి ఉండరు. పది అడుగుల్లో కొట్టాల్సిన బంతిని ఆయన పక్క కొండ మీదికి పంపగలరు. ఆయనకన్నా వెనకపడాలంటే నిజమైన నైపుణ్యం కావాలి. ఆ నైపుణ్యం నేర్పడానికే కంపెనీ చెన్నై నుంచి ఫ్రెడ్డీ అనే కోచ్‌ను తెప్పించింది.

“సార్, ఓడేది ఎవురైనా ఓడతారు సార్,” అని ఆయన మొదటి రోజే మా వారికి చెప్పారట. “గెలవబోయి ఓడాల. చూసేవాళ్లకి ‘అయ్యో’ అనిపించాల. బాస్‌కి ‘అబ్బ, గండం గడిచింది’ అనిపించాల. అదీ క్లాస్.”

ఆయన ప్రణాళిక కూడా వేసి ఇచ్చారు. సంకల్పగిరి మీద ఎం.డి. గారు గెలవాలి. ఆసక్తి కోసం సమర్పణగిరి మీద మా వారు గెలవాలి. శిఖరగిరి మీద, ఆఖరి క్షణంలో, మా వారు చేజార్చుకోవాలి.

మాల్యాద్రి గారికి ఈ విద్య సహజంగా అబ్బింది. ఆయన బంతి ఎలాగూ గుంతలో పడదు. మా వారి సమస్య వేరు. ఆయన వరి పండించే ఇంట్లో పుట్టారు. దమ్ము చేసిన మడికి నీళ్లు పెట్టి, నీరు ఏ మూల నిలుస్తోందో, ఏ మూల తేలుతోందో చూసి, మట్టి ఇటు లాగి అటు వేసి చదును చేయడం ఆ ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే వస్తుంది. మామగారు బజారు పనులు చూసుకుంటే పొలం పెత్తనం మా అత్తగారిది. ఆమె గట్టు మీద నిలబడి కేక వేస్తే కొడుకు, కూలీలు, ఎడ్లు అందరూ ఒకేసారి పక్కకు తిరిగేవారట. అలా పెరిగినవాడికి వాలు కనిపిస్తే ఏమవుతుంది? బంతి ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. తప్పుగా కొడదామని కర్ర ఎత్తినా, చేతులు వాటంతట అవి సర్దుకుని సరిగ్గానే కొట్టేస్తాయి.

“నా వల్ల కావటం లేదు రేవతీ,” అని ఒక సాయంత్రం నాతో చెప్పుకుని బాధపడ్డారు. “కళ్లు మూసుకుని కొట్టినా పడుతుండాది. ఫ్రెడ్డీ నా మీద ఆశ వదులుకున్నాడు.”

“ప్రాక్టీసు చెయ్యండి,” అన్నాను. “మనిషి తలుచుకుంటే ఏదైనా పాడుచేయగలడు.”

అలా మొదలైంది గ్లాసు ప్రాక్టీసు. మా హాలు బండలకు వాలు లేకపోవడం వల్ల అభ్యాసం బాగా సాగింది. వారం తిరిగేసరికి బంతి ఒక్కటీ గ్లాసులో పడకుండా కొట్టగలిగారు. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను.

పోటీల రోజున కుటుంబాలన్నీ రావాలని ఆహ్వానాలు వచ్చాయి. శిఖరగిరి మీద, తొమ్మిదో గుంత పక్కనే షామియానా వేశారు. మొదటి వరసలో అధికారుల భార్యలు, తల్లులు. మా అత్తగారు జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు. ఇంటి దగ్గర బయలుదేరేముందే వినీల ఆమెకు మళ్లీ మళ్లీ చెప్పింది.

“నాయనమ్మా, నాన్న ఏం చేసినా నువ్వు నోరు మెదపొద్దు. తప్పు కొడతాడు, కావాలనే కొడతాడు. గుర్తుంది గదా?”

“అంత చెవిటిమాలోకాన్ని కాదులేమ్మే. తెలుసు. ఓడాల, అంతే గదా?” అన్నారావిడ.

ఉదయం మాల్యాద్రి గారి ఆట అయింది. ఆయన ఓడిన తీరు చూసి కొందరి కళ్లు చెమర్చాయి. బంతి గుంత అంచు దాకా వచ్చి ఆగితే, ఆయన కర్ర కింద పడేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. ఎం.డి. గారు స్వయంగా లేవనెత్తి ఓదార్చారు. “ఇంకా నేర్చుకుంటావు మాల్యాద్రీ,” అన్నారు. “మీ దగ్గర నేర్చుకునే భాగ్యం ఉంటే చాలు సార్,” అన్నారు మాల్యాద్రి గారు. మా వారి మొహం పాలిపోయింది.

ఎండ వాలాక మా వారి వంతు వచ్చింది. సంకల్పగిరి మీద ప్రణాళిక ప్రకారమే అంతా జరిగింది. మా వారి బంతి ఆటగాళ్లకు అడ్డంగా పోసిన ఇసకలో పడింది, ఎం.డి. గారి బంతికి బారెడు దూరంలో మర్యాద దక్కింది. సమర్పణగిరి మీద మా వారు గెలిచారు. ఎం.డి. గారి బంతులు రెండు క్రీడా భాగస్వామి చెరువులోకి పోవడం వల్ల అది తప్పించడానికి వీల్లేకపోయింది. ఇద్దరూ సమానం. తొమ్మిదో గుంత దగ్గర మేమంతా కుర్చీలు ముందుకు జరుపుకున్నాం.

ఎం.డి. గారు కొండెక్కి వచ్చి కొట్టిన బంతి, గుంతకు ఒక మంచం పట్టేంత దూరంలో ఆగింది. “తీసుకోండి సార్,” అన్నారు మా వారు. ఎం.డి. గారు వంగి బంతిని చేత్తో తీసుకున్నారు. షామియానాలో చప్పట్లు.

ఇక మిగిలింది మా వారి బంతి. అది గుంతకు పైవైపున, వాలు మీద ఉంది. ఈ ఒక్క దెబ్బకు పడితే ఆయన గెలుస్తారు, అంటే గనులు. రెండు దెబ్బలకు పడితే సమానం, అప్పుడు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మూడు పడితే ఓటమి, అంటే పదవి. ఫ్రెడ్డీ దూరం నుంచి ఎడమచేతి వేళ్లు ఎడమవైపుకు ఆడించారు. గుంత వైపుకు దిగే వాలు కుడికి ఉంది. ఎడమకు కొడితే బంతి ఎక్కడో తేలుతుంది. మా వారు తల ఊపి, ఎడమకు తిరిగి, కాళ్లు సర్దుకుని, కర్ర ఎత్తారు.

నా పక్కన మా అత్తగారు కుర్చీలో కదిలారు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకున్నారు. గట్టు ఎక్కిన మనిషిలా లేచి నిలబడ్డారు.

“ఒరేయ్ సుకుమారా! ఎటు చూస్తుండావురా? పల్లం ఈపక్కన గదరా ఉండేది! ఈపక్కకి తిప్పు!”

ఆ కేకకు మా వారు ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచి ఆ కేకకు ఎప్పుడూ ఆలోచించలేదు. కాళ్లు కుడికి తిరిగాయి, చేతులు వాటి పని అవి చేశాయి. బంతి మెల్లగా, కాలవలోంచి మడిలోకి దిగే తొలి నీటిలాగా వంపు తిరిగి, కొంచెం కొంచెంగా వేగం పుంజుకుని, ఎవరినో పలకరించి వెళుతున్నట్టు గుంత అంచున ఒక చుట్టు తిరిగి లోపల పడింది. టక్ మని శబ్దం వచ్చింది.

చప్పట్లు కొట్టలేదు ఎవరూ. ఎం.డి. గారు కొడితే గానీ మేము కొట్టం. ఎం.డి. గారికి ఇలాంటప్పుడు కొట్టాలని తెలియదు, ఆయనకు ఈ సందర్భం ఎప్పుడూ రాలేదు. రొయ్యలకు గాలి అందడానికి చెరువులో తిరిగే చక్రాల చప్పుడు మాత్రమే వినిపించింది. ఫ్రెడ్డీ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నారు.

ముందుగా తేరుకున్నది మానవ వనరుల విభాగాధిపతి. “సార్, ప్రేక్షకులు సలహా ఇచ్చారు కాబట్టి ఈ దెబ్బ చెల్లదు. మళ్లీ కొట్టించవచ్చు,” అన్నారు.

ఎం.డి. గారు చెయ్యెత్తి ఆపారు. “వద్దు. క్రీడాస్ఫూర్తి ముఖ్యం,” అని, మా అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించారు. “ఎవరమ్మా మీరు?”

“వీళ్లమ్మనయ్యా. కోవూరు మాది,” అన్నారు మా అత్తగారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆవిడకు చాలాసేపటి నుంచి ఒక సందేహం ఉంది. “అయ్యా, తప్పుగా అనుకోవాకండి. మావాడిది గుంతలో పడింది, చూసినా. మీది పడకముందే చేత్తో తీసేసుకున్నారే? అదెట్ట లెక్క?”

టీ తాగుదామని ఎవరో అన్నారు. అందరూ ఒకేసారి లేచి టీ వైపు నడిచారు.

ఇంటికొచ్చే దారిలో వినీల, “నోరు మెదపొద్దని చెప్పినా గదా నాయనమ్మా!” అంది.

“చెప్పినావు. నేనూ నోరు గట్టిగానే పట్టుకోనుండా. కానీ కళ్లెదటే నీళ్లు ఎదురెక్కుతాయని కొట్టబోతుంటే ఎట్టమ్మే చూస్తా కూర్చునేది? నీరు పల్లమెరుగంటారు. మీ నాయనకి ఆ మాత్రం ఎరక లేకపోతే లోకం నన్ననదా?” అని ఆవిడ కళ్లొత్తుకున్నారు.

కంపెనీ తొందరపడి ఎవరినీ శిక్షించలేదు, విచారణ సంఘాన్ని వేసింది. సంఘ సభ్యులు శిఖరగిరి చుట్టూ తిరిగి, కొలతలు తీసి, దోషి మా వారు కాదనీ, కొండ అనీ తేల్చారు. కొండ వాలు ఒక పక్షానికి అనుకూలంగా ఉందనీ, అటువంటి పక్షపాతం సంస్థాగత విలువలకు విరుద్ధమనీ నివేదిక ఇచ్చారు. అధికారుల భార్యలు మైదానానికి రావచ్చుననీ, తల్లులను అనుమతించే విషయం పునఃపరిశీలించాలనీ సూచించారు. జనరల్ మేనేజర్ పదవి, ‘మచ్చలేని ఓటమి’ని ప్రదర్శించిన మాల్యాద్రి గారికి దక్కింది.

కొత్త జనరల్ మేనేజరు హోదాలో మాల్యాద్రి గారు మొదట పిలిపించింది మా వారినే. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడారట.

“తమ్ముడూ, నిన్ను గనులకి పంపడం ఎం.డి. గారికి ఇష్టం లేదయ్యా. నేల చదునులో నీకుండే పరిజ్ఞానం ఎవరికుంది? మూడు కొండల వాలూ నీ చేతిలో పెడతారంట. ఆయన బంతి ఏడ పడినా, జారి జారి గుంతలోకే రావాల. అట్ట దిద్దు చాలు. ‘కొండల ప్రత్యేకాధికారి’ అని బోర్డు కూడా రాయిస్తాం. చేస్తావా, గనులకి పోతావా, ఇంట్లో ఆలోచించుకుని రేపు చెప్పు.”

ఆ రాత్రి భోజనంలోకి సొరకాయ వేసి రొయ్యల కూర చేశాను. నలుగురం కూర్చున్నాం. మా వారు ముద్ద కలిపి, నోట పెట్టుకోకుండా, గొంతు సవరించుకున్నారు. ఆ మొహంలో నేనెన్నడూ చూడని వెలుగు ఉంది.

“నేనొక నిర్ణయానికి వచ్చినా,” అన్నారు. “అందరూ వినండి. ఆ కొండల ఉద్యోగం నేను చెయ్యను. ఇన్నాళ్లూ ఒకరి గెలుపు కోసం నేను తప్పు కొట్టడం నేర్చుకున్నా. సిగ్గుగా ఉండాది. ఆ బంతి పడినప్పుడు, అమ్మా, నువ్వు కేకేసినప్పుడు, నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి ఓడితే నిజంగా ఓడాల, గెలిస్తే నిజంగా గెలవాల. గనులకే పోదాం. ఇంకో మాట. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ ఎవరి మెప్పు కోసమూ ఓడేది లేదు. మనసులో ఉండేది మొహమ్మీదే చెప్పాల. ఇది నా నిర్ణయం.”

మంచి ప్రసంగం. చప్పట్లు కొట్టదగినది. ఆయన కొనసాగించారు.

“వినీల ఆఖరి సంవత్సరం ఆడనే ఏదో ఒక కాలేజీలో పూర్తి చేస్తుంది. అమ్మ పొలం కౌలుకిచ్చేసి మనతో వస్తుంది. రేవతీ, నువ్వు…” అని ఒక్క క్షణం ఆలోచించి, “నువ్వు వస్తావు,” అన్నారు.

ఆఖరి సంవత్సరం మధ్యలో కాలేజీ మారడం కుదరదని వినీలకు తెలుసు. తన ప్రాణం పోయినా పొలం కౌలుకివ్వనని మా అత్తగారు పోయిన ఏడాది కూడా బంధువుల ముందు ప్రమాణం చేశారు. నాకేముందో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

“ఎవురికన్నా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. భయపడొద్దు,” అన్నారు మా వారు.

వినీల నోరు తెరిచింది. బల్ల కింద మా అత్తగారి కాలు ఆమె కాలిని తాకింది. కొండ మీద అంతమందిలో ఆగని ఆ నోరు, కొడుకు కంచం ముందు ఎంతో అందంగా ఆగింది.

“నువ్వు చెప్పినాక ఇంకేముంది నాయనా,” అన్నారావిడ.

“మంచి నిర్ణయం నాన్నా,” అంది వినీల.

నేను ఆయన కంచంలో ఇంకొంచెం కూర వడ్డించాను.

మా వారు మా ముగ్గురినీ గర్వంగా చూసి, తృప్తిగా ముద్ద నోట పెట్టుకున్నారు. ఓడటం నేర్పడానికి ఆయనకు చెన్నై నుంచి కోచ్ రావలసి వచ్చింది, అయినా పూర్తిగా అబ్బలేదు. మా ముగ్గురికీ ఎవరూ నేర్పలేదు. ఆయన ఈ ఇంట్లో ఇంతవరకు ఏ వాదనలోనూ ఓడలేదు, ఎందుకు ఓడలేదో ఆయనకు తెలియదు కూడా. మీ ఇంట్లో ప్రతి వాదనలోనూ మీరే గెలుస్తున్నట్టయితే, మీకు నా హృదయపూర్వక అభినందనలు.